ఎవలు జెప్పిండ్రు?

మొన్న పొద్దున దుకాణం షట్టరు లేపి, కౌంటర్ తుడిచి కూర్చున్నానో లేదో, నిండిపోయానని నా ఫోన్ చెప్పింది. ఏదైనా తీసేస్తే తప్ప ఇంకేదీ పట్టదట. ఏమేం తీసెయ్యొచ్చో కూడా అదే వరుసగా చూపించింది. బరువైనవి పైన, తేలికైనవి కింద. పైన ఉన్నవన్నీ ఒక్క మనిషివే. ఊరి వాట్సాప్ గ్రూపులో కాక పెట్టిన వాయిస్ మెసేజ్‌లు.

ఒకటి నొక్కాను. ముందు గోటితో రెండు దెబ్బలు, టక్ టక్. తర్వాత దగ్గు. ఆ తర్వాత, "ఇనుండ్రయ్యో ఇనుండ్రి..." బీపీ గోలీల కోసం వచ్చి నిలబడ్డ ముసలామె ఉలిక్కిపడి, "అవ్వో, గీయన పోయిండు గదనే!" అంది. పోయాడమ్మా, ఇది పాతది అని చెప్పి, ఫోన్ బోర్లించి, ఆమె గోలీలు ఆమెకిచ్చి పంపాను. ఆ రోజు నాకు పని సాగలేదు. ఒకరికి ఇవ్వాల్సిన సీసా ఇంకొకరికి ఇవ్వబోయి తిట్లు తిన్నాను.

ఆయన పేరు రాయను. రాయొద్దని ఆయన భార్యే చెప్పింది. "పేరు రాస్తె మల్ల గ్రూపులల్ల తిప్పుతరు బిడ్డా" అంది. నిజమే. కాబట్టి కాక అనే రాస్తాను, అంటే చిన్నాన్న. నాకు ఆయన సొంత వరుసేమీ కాదు. ఇల్లు వేరు, కులం వేరు. కానీ మా ఊళ్లో వరుస పెట్టి పిలవని మనిషి ఉండడు. ఆయన నన్ను బిడ్డా అనేవాడు. కోపం వస్తే "ఓ డాక్టరమ్మా" అనేవాడు. నేను డాక్టర్ను కాదు. ధర్మపురి పోయే రోడ్డు మీద, మా ఊరి కూడలిలో మందుల దుకాణం నడుపుతాను. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు కాబట్టే అట్లా అనేవాడు.

కాక ఊళ్లో చాటింపు వేసే మనిషి. తండ్రి, తాత కూడా ఆ పనే చేశారు. డప్పు మెడకు వేసుకుని కూడలి కూడలికీ ఆగి, కొట్టి, గొంతెత్తి చెప్పేవాడు. రేషన్ బియ్యం వచ్చాయనో, పశువుల డాక్టర్ వస్తున్నాడనో, చెరువు తూము ఎత్తుతారు బట్టలుతికేవాళ్లు జాగ్రత్త అనో. ఏది చెప్పినా చివర ఒక ముక్క తప్పకుండా ఉండేది. "మాట సర్పంచి సాబుది, నోరు నాది." ఆ ముక్క అననిదే అడుగు కదిపేవాడు కాదు. మాట ఎవరిదో చెప్పకపోతే అది చాటింపే కాదని ఆయన లెక్క.

ఈ పట్టింపు వెనక ఒక కథ ఉంది. నా దుకాణం ముందు బెంచీ మీద కూర్చుని, చాయ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ ఎన్నిసార్లు చెప్పాడో. ఒక వానకాలం ఆయన తండ్రి ఎవరో కల్లు తాగినవాడి మాట పట్టుకుని చెరువు కట్ట తెగుతోందని చాటేశాడట. ఊరు ఊరంతా మూటాముల్లె నెత్తిన పెట్టుకుని ఉరికింది. ఆ ఉరుకులాటలో ఒక ముసలామె పడి నడుము విరిగింది. కట్ట మాత్రం కట్టలాగే ఉంది. తెల్లారి పంచాయితీలో పెద్దలు తీర్పు చెప్పారు. కొట్టలేదు, జుర్మానా వేయలేదు. ఏ కూడలిలో చాటావో ఆ కూడలిలోనే మళ్లీ చాటమన్నారు. అదే డప్పు, అదే గొంతు.

"మా బాపు వెనుక నేను నడుసుకుంట పోయిన బిడ్డా" అనేవాడు కాక. "ప్రతి కూడలిల ఆగుడు, డప్పు కొట్టుడు, 'నిన్న నేను జెప్పింది అబద్ధం, మాట నాది, నోరు నాది' అనుడు. దెబ్బలు తిన్నా గంత ఏడ్వకపోవు ఆయన. ఇంటికచ్చి రెండొద్దులు బువ్వ ముట్టలే. ఆ మల్ల ఏనాడన్న ఎవలన్న ఒచ్చి ఏదన్న జెప్తె ఒక్కటే అడుగుతుండె. ఎవలు జెప్పిండ్రు? అని."

తండ్రి అడిగిన ఆ మాటే కొడుక్కు అంటుకుంది. కొడుకు దాన్ని తెచ్చి మా గ్రూపులో పెట్టాడు.

మా ఊరికి గ్రూపు వచ్చింది ఎరువుల దుకాణం ఆయన పుణ్యమా అని. పటేళ్ల ఇంటి మనిషి, నాకంటే కొంచెం పెద్ద. ఆయనే అడ్మిన్. యూరియా లోడు వచ్చిందని చెప్పుకోవడానికి పెట్టిన గ్రూపు, చూస్తుండగానే ఊరంతా అందులోకి వచ్చి పడింది. పెళ్లిళ్లు, చావులు, కరెంటు పోవడం, తప్పిపోయిన బర్రె, దేవుడి బొమ్మలు, ఈ మెసేజ్ పదిమందికి పంపకపోతే కీడు జరుగుతుందనే బెదిరింపులు, అన్నీ అందులోనే. ఇంక డప్పుతో పనేముంది? "ఇగ నువ్వు గల్లీ గల్లీ తిరుగుడెందుకు కాకా, గీండ్లనే సాటు" అని అడ్మినే ఆయన్ను చేర్చాడు. శ్రీరాంపూర్‌లో ఉన్న కూతురు తన పాత ఫోన్ ఇచ్చింది. అల్లుడు అక్కడ బొగ్గుబాయిలో పని. కాక ఆ ఫోన్‌కు బట్టసంచి కుట్టించి మెడలో వేసుకున్నాడు. డప్పు తాడు ఒరిసి నల్లబడిన చోటే ఆ సంచి తాడు కూడా పడింది.

టైపు చేయడం రాదు. అన్నీ వాయిస్ మెసేజ్‌లే. ఫోన్‌ను మక్కజొన్న కంకి పట్టుకున్నట్టు నోటి దగ్గర అడ్డంగా పట్టుకునేవాడు. ముందు దాని వీపు మీద గోటితో రెండు దెబ్బలు. డప్పు కొట్టకుండా గొంతు లేవదట ఆయనకు. తర్వాత దగ్గు, తర్వాత చాటింపు. ఎంత గట్టిగా అరిచేవాడంటే, ఫోన్ అవసరం లేకుండానే సగం ఊరికి వినపడేది. "కాకా, అది ఫోన్, బాయి కాదు, మెల్లగ మాట్లాడు" అని నేను కసిరితే, "నువ్వు నీ గోలీలు అమ్ముకో" అనేవాడు.

పొద్దున్నే పువ్వుల బొమ్మలు పంపేవాళ్లంటే ఆయనకు ఒళ్లు మంట. "పువ్వు పంపకపోతె పొద్దు పొడువదా?" అని గ్రూపులోనే అడిగేవాడు. మెసేజ్‌ల కింద పసుపు బొటనవేలు బొమ్మ చూసినప్పుడల్లా తికమకపడేవాడు. ఒకరోజు ఫోన్ నా ముఖం ముందు పెట్టి అడిగాడు.

"గీ బొటనేలు ఏంది బిడ్డా?"

"చూసినం, మంచిగుంది అని కాకా."

"నిశాని గాదా?"

"నిశాని ఎందుకైతది? ఉత్తగనే పెడ్తరు."

"ఏమో, నాకైతే నిశాని లెక్కనే కొడ్తంది. ఏలు ముద్ర ఏసినంక రేపు నాకెర్క లేదంటె నడువది గద."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఫోన్ సంచిలో పెట్టుకుని, చాయ తాగేసి వెళ్లిపోయాడు.

గ్రూపులో ఏ ఫార్వర్డ్ పడినా కింద ఆయన గొంతు ఉండేది. టక్ టక్. "ఎవలు జెప్పిండ్రు?" ఉప్పు దొరకదట అని వస్తుంది. ఎవలు జెప్పిండ్రు? ఫలానా ఆకు కషాయం తాగితే షుగర్ పోతుందట. ఎవలు జెప్పిండ్రు? ఆ కషాయాల సంగతిలో మాత్రం నేను ఆయన పక్షమే. అవి తాగి గోలీలు మానేసి కళ్లు తిరిగి పడి, మళ్లీ నా కౌంటర్ దగ్గరికే వచ్చేవాళ్లు. ఎద్దు ఈనిందంటే గాటికి కట్టెయ్యమనే జనం. కాక అడిగితే వచ్చే జవాబులు ఇవి. మా బామ్మర్ది పంపాడంటాడు ఒకడు, వేరే గ్రూపులో వచ్చిందంటాడు ఇంకొకడు. కాకకు ఆ జవాబు సరిపోయేది కాదు. "గ్రూపుకు నోరుంటదా? నోరున్నోని పేరు జెప్పు" అనేవాడు. కొందరు ఆయన్ను మ్యూట్‌లో పెట్టారు. తీసెయ్యమని అడ్మిన్‌కు చెప్పినవాళ్లు కూడా ఉన్నారు. అడ్మిన్ తీసెయ్యలేదు. ఆయనకు కాక అంటే ఇష్టమే. ఎరువుల లోడు వచ్చినప్పుడు కాక గొంతుతో చెప్పించుకుంటే ఆ కిక్కే వేరని అనేవాడు.

పోనీ ఎవరూ చెప్పకపోతే ఊరుకుంటాడా? పోయి చూసి రావాల్సిందే. పాత మోపెడ్ ఒకటి ఉండేది, అది మోగే మోతకు కుక్కలు వెంటపడేవి. గోదావరి ఒడ్డుకు పులి వచ్చిందని గ్రూపంతా వణికినప్పుడు పొద్దున పోయి పొద్దుగూకే వేళకు తిరిగొచ్చాడు. ఆ మెసేజ్ ఇప్పటికీ నా దగ్గరుంది. "ఇనుండ్రయ్యో, నేను పోయిన. పులి లేదు. పులిని సూసినోడు గుడ లేడు. సూసినోన్ని సూసినోడు ఒక్కడున్నడు, ఆడు తాగున్నడు. కండ్లు నాయి, నోరు నాది."

నవ్వుకున్నాం. నవ్వుకోవాల్సిన మనిషే. కానీ ఆయన పోయి అడిగే తీరు అన్నిసార్లూ నవ్వుకునేది కాదు. అది కూడా చెప్పాలి.

ఒకసారి గ్రూపులో ఒక ఫొటో పడింది. దుబాయిలో పనిచేస్తున్న మా ఊరి పిల్లవాడు, పెళ్లికి ముందు తీయించుకున్న ఫొటో. చుట్టూ పూలదండ బొమ్మ, కింద శ్రద్ధాంజలి. బిల్డింగ్ మీద నుంచి పడ్డాడట. చూస్తుండగానే కింద దండాలు, కన్నీళ్ల బొమ్మలు బారులు తీరాయి. కాక అడిగాడు. ఎవరూ చెప్పలేదు. మోపెడ్ తీసి నేరుగా ఆ ఇంటికే పోయాడు. తల్లి వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తోంది. ఆమె చేతిలో ఫోన్ లేదు, గ్రూపు లేదు, ఆమెకు ఏమీ తెలియదు. ఈయన బండి దిగకుండానే, "వదినె, నీ కొడుకు పడ్డడంటున్రు, నిజమేనా?" అని అడిగాడు. ఆమె ఆ మిరపకాయల మీదే పడిపోయింది.

పిల్లవాడు బతికే ఉన్నాడు. సాయంత్రం తానే ఫోన్ చేశాడు. పోయింది వేరే జిల్లా అతను, పేరు ఒకటే. ఆ ఇంటి మగవాళ్లు వచ్చి నా దుకాణం ముందు కాక కాలర్ పట్టుకున్నారు. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వాళ్లు పోయాక బెంచీ మీద కూలబడి, "ఫొటో ఏసినోని కాలర్ పట్టలే బిడ్డా, అడిగినోని కాలర్ పట్టిండ్రు" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "మంచిగనే పట్టిండ్రు. ఒక తల్లిని గట్లనే అడుగుతరా? నీకు మంది పానం కన్న నీ ముచ్చటే ఎక్కువాయె" అన్నాను. ఆయన ముందు చాయ చల్లారిపోయింది, ముట్టలేదు. మర్నాడు ఆ ఇంటికి పోయి, ఆ వాకిట్లోనే నిలబడి తప్పు ఒప్పుకున్నాడు. తర్వాత గ్రూపులో అందరూ వినేటట్టు మళ్లీ చెప్పాడు. ఫొటో పెట్టినవాడు దాన్ని తీసేశాడు గానీ ఒక్క మాట అనలేదు. ఎవరు పెట్టారో ఊరంతటికీ తెలుసు. వాడి కిరాణా దుకాణం బ్రహ్మాండంగా నడుస్తోంది.

పిల్లల దొంగల మెసేజ్‌లు వచ్చింది ఆ తర్వాతి ఎండాకాలం. ముందు ఎక్కడివో ఏ భాషలోవో వీడియోలు వచ్చాయి. తర్వాత మన జిల్లాలోనే అన్నారు. ఆ తర్వాత గోదావరి అవతల, పాత ఆదిలాబాద్ వైపు ఒక ఊరి పేరు పెట్టి, అక్కడ ఇద్దరు పిల్లలను ఎత్తుకుపోయారని వచ్చింది. ముసలివాళ్ల వేషంలో వస్తున్నారు, బిచ్చగాళ్ల వేషంలో వస్తున్నారు, కనపడితే వదలకండి అని కింద రాసి ఉంది. మా కూడలిలో పూసలు, పిన్నీసులు అమ్ముకునే ఆడమనిషి ఒకామె నెలకోసారి వచ్చేది. ఆమెను రాళ్లతో తరిమారు. ఆమె బుట్ట నా దుకాణం ముందే బోర్లా పడింది. కాక వంగి ఆ పూసలన్నీ ఏరి బుట్టలో వేసి, ఆమె పోయిన దారినే కొంత దూరం పరుగెత్తాడు. ఆమె ఆయన్ను చూసి కూడా భయపడి ఉరికింది.

తిరిగొచ్చి నేరుగా, నా దుకాణం ఎదురుగా ఉన్న ఎరువుల దుకాణానికి పోయాడు. నేను ఇవతల నుంచి వింటూనే ఉన్నాను.

"ఎవలు జెప్పిండ్రు?"

"గింతమంది అంటున్రంటె ఏదో ఉండే ఉంటది కాకా" అన్నాడు అడ్మిన్. "జర పైలంగుంటె తప్పేంది? నాకూ మనవరాలున్నది."

"పిల్లలు పోయింది నిజమైతె ఆ ఊళ్లె పిల్లలు పోయిన ఇల్లుంటది. తల్లి ఉంటది. పోయి అడిగొస్త."

ఆయన మోపెడ్‌లో పెట్రోలు ఉందో లేదో కదిపి చూసుకుంటుంటే నేను కౌంటర్ దాటి వచ్చాను. పోవద్దన్నాను. గట్టిగానే అన్నాను. "కొత్త ఊళ్లె పోయి పిల్లల సంగతి అడుగుతవా? గిప్పుడా? నీకేమన్న మతి ఉన్నదా?"

"నేను దొంగ లెక్క కొడ్తున్ననా?"

"నాకు దొంగ లెక్క కనబడవు. ఆళ్లకు నువ్వెవలో తెల్వదు గద."

ఆయన నవ్వాడు. ముందు పళ్లు రెండు లేవు, నవ్వితే చిన్నపిల్లవాడిలా ఉండేవాడు. "గోదారికి గీ పక్క గా పక్క నా గొంతు తెల్వనోడు ఎవడున్నడు బిడ్డా? ఫికర్ జెయ్యకు." గొంతు మీద ఆయనకు అంత గర్వం. ఆ గర్వం మీద నాకు ఇప్పటికీ కోపమే.

అక్కడ జరిగింది ఆయన ఆసుపత్రిలో ముక్కలు ముక్కలుగా భార్యకు చెప్పాడు, కొంత పోలీసులు చెప్పారు. చాటింపు వేసేవాళ్లకు ఒక పాత పద్ధతి ఉంది. పరాయి ఊరికి పని మీద పోతే ముందు ఆ ఊరి చావడి దగ్గర ఆగాలి. అక్కడి కావలికారును పిలిచి, నేను ఫలానా ఊరివాణ్ని, ఫలానా పని మీద వచ్చాను అని చెప్పుకోవాలి. ఆ తర్వాతే ఊళ్లో అడుగు. కాక ఆ పద్ధతి తప్పలేదు. చావడి వెతుక్కుంటూ పోయాడు. చావడి ఉంది గానీ తాళం వేసి ఉంది. కావలికారు ఎప్పుడో పోయాడు, ఆ కొలువే ఇప్పుడు లేదు. చావడి అరుగుల మీద పిల్లలు ఆడుకుంటున్నారు, అంతే. ఇంకెవరూ లేకపోతే ఆ పిల్లలనే అడిగాడు. మీ ఊళ్లె పోయిన పిల్లలు ఎవల్రా? ఏ ఇల్లు రా? అని. ఒక పిల్ల భయపడి ఇంట్లోకి ఉరికింది.

ఆయన మాత్రం తన పని అయిపోయిందనుకున్నాడు. పిల్లలు పోయిన ఇల్లు లేదని పిల్లలే చెప్పారు కదా. మెడలోని ఫోన్ తీసి, వీపు మీద రెండు దెబ్బలు కొట్టి, గొంతెత్తాడు. జనం వచ్చేసరికి ముసలాయన ఒకడు ఫోన్‌లో ఎవరినో రమ్మని అరుస్తున్నాడు. తన ముఠాను పిలుస్తున్నాడనుకున్నారు.

ఆ మెసేజ్ మా గ్రూపులో పడింది. మధ్యలో ఫోన్ గుంజుకున్నప్పుడు వేలు లేచిపోయి ఉంటుంది, అంతవరకు చెప్పింది వచ్చేసింది. టక్ టక్. "ఇనుండ్రయ్యో ఇనుండ్రి, నేను గోదారవతలికచ్చిన. పిల్లలు పోయిన ఇల్లు ఒక్కటి గుడ లే..." అంతే. దాన్ని ఎవరూ తెరవలేదు. కాక మెసేజ్‌లు వెంటనే వినేవాళ్లు ఎవరున్నారు? నేను కూడా అప్పుడు ఒక చంటిబిడ్డకు జ్వరం మందు పోసి చూపిస్తున్నాను.

తర్వాత వీడియో వచ్చింది. ఎక్కడెక్కడో తిరిగి వచ్చినట్టు పైన బాణం గుర్తు ఉంది. పిల్లల దొంగ దొరికిండు, అందరికీ పంపండి. ముఖమంతా రక్తం, చొక్కా లేదు, ఎవరూ గుర్తుపట్టేటట్టు లేడు. గుర్తుపట్టాలని ఎవరూ చూడలేదు కూడా. కింద వేళ్లు పడుతూనే ఉన్నాయి. పసుపువి, గోధుమరంగువి, చప్పట్లు. అడ్మిన్ రాశాడు, మంచి పని చేసిండ్రు, ఇట్లనే బుద్ధి చెప్పాలె అని. కిరాణా దుకాణం అతను రాశాడు, ఇంకో రెండు తగిలించాల్సింది అని.

నేను సౌండు పెట్టి చూశాను. ఆ అరుపుల్లో, ఆ దెబ్బల చప్పుడులో ఒక గొంతు. దగ్గుతోంది. దగ్గుతూనే అడుగుతోంది. "ఎవలు జెప్పిండ్రు? అరే, ఎవలు జెప్పిండ్రు మీకు?"

నేను కేక పెట్టాను. ఏమని కేక పెట్టానో నాకు గుర్తులేదు. ఎరువుల దుకాణం నుంచి అడ్మిన్ ఉరికొచ్చాడు. ఆయన చేతిలో ఫోన్, అందులో అదే వీడియో, సౌండు లేకుండా ఆడుతోంది. సౌండు పెట్టమన్నాను. పెట్టాడు. ఆ మనిషి ముఖం నేను మరచిపోలేను. రోడ్డు మీదే గొంతుక్కూర్చుని, ఒక్కొక్క వేలితో తను రాసింది తీసేయడం మొదలుపెట్టాడు.

కాకను కరీంనగర్ తీసుకుపోయారు. పక్కటెముకలు విరిగి ఊపిరితిత్తిలో దిగాయి. కొన్నాళ్లు ఉన్నాడు. నేను పోయినప్పుడు కళ్లు తెరిచి, నన్ను గుర్తుపట్టి, గొంతు రాక, మంచం ఇనుప పట్టె మీద గోటితో రెండుసార్లు కొట్టాడు. చెప్పాల్సింది ఏదో ఉందన్నమాట. చెప్పలేకపోయాడు. నేను మందుల చీటీ చదువుతున్నట్టు నటించి ఏడ్చాను.

ఆయన పోయి దినాలు కాకముందే పోలీసులు వచ్చారు. అవతలి ఊరివాళ్లను కొందరిని పట్టుకుపోయారు. మా ఊళ్లో పంచాయితీ ఆఫీసులో కుర్చీ వేసుకుని ఎస్సై ఒక్కొక్కరినే పిలిచాడు. "ఈ వీడియో నీకెవరు పంపారు?" గ్రూపుల అచ్చింది సార్. "గ్రూపులో ఎవరు వేశారు?" వేరే గ్రూపుల కెంచి అచ్చింది సార్. "దానికి నువ్వు వేలు పెట్టావు కదా?" ఉత్తగనే సార్, అందరు పెట్టిండ్రని పెట్టిన. నన్నూ పిలిచాడు. ఆయన అడుగుతున్నంతసేపూ నాకు ఒకటే అనిపించింది. ఇన్నాళ్లూ ఈ ప్రశ్నే కదా కాక అడిగింది. అప్పుడు నవ్వినవాళ్లు ఇప్పుడు చేతులు కట్టుకుని నిలబడ్డారు. జవాబు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. ఆ సాయంత్రమే అడ్మిన్ గ్రూపుకు తాళం వేశాడు. అడ్మిన్ తప్ప ఇంకెవరూ ఏమీ పెట్టడానికి లేదు.

దినాలు అయినాక ఒక పొద్దున కాక భార్య నా దుకాణానికి వచ్చింది. నేను చిన్నమ్మా అంటాను. బీడీలు చుట్టే మనిషి, నోట్లోంచి మాట రావడమే అరుదు. ఇంటి చాటింపంతా ఆయనే వేసేవాడు కదా. ఆయన ఫోన్ అదే బట్టసంచిలో ఆమె మెడలో ఉంది. పోలీసులు చూసుకుని తిరిగి ఇచ్చారట.

"నాకు ఎవలు కాళ్లు మొక్కుడు వద్దు బిడ్డా, పైస వద్దు" అంది. "ఆయన ఎప్పుడు జెప్పెటోడు. ఏ కూడలిల సాటితె ఆ కూడలిల్నే మల్ల సాటాలె అని. ఆ వీడియ యాడ యాడ ఏసిండ్రో ఆడాడ, గీయన దొంగ గాదు అని ఏసినోల్లే సాటాలె. గంతే."

అడ్మిన్ దగ్గరికి పోయిందట అప్పటికే. ఆయన ఏడ్చాడట. "నేను అన్నీ తీసేసిన చిన్నమ్మా, నా ఫోన్ల ఏం లేదు సూడు. కేసు నడుస్తంది, ఇప్పుడు మల్ల లేపితె అందరం పరేషాన్ల పడ్తం" అన్నాడట. కిరాణా అతను ఇంట్లో లేనని చెప్పించాడట. తీసేస్తే చాలనుకున్నారు అందరూ. కుండ నోటికి మూకుడు పెట్టొచ్చు గానీ ఊరి నోటికి మూకుడు పెట్టలేమంటారు. మా ఊరు తన నోటికి తానే పెట్టుకుంది, తన అవసరం వచ్చింది కాబట్టి.

"ఆళ్లు సాటకపోతె నేనే సాటుత. యాడ ఒత్తాలె, సూపియ్యి" అని ఫోన్ తీసింది.

నేను గ్రూపు తెరిచాను. ఒత్తడానికి ఏమీ లేదు. మైకు గుర్తు ఉండాల్సిన చోట, అడ్మిన్లు మాత్రమే పంపగలరు అని ఒక గీత. ఆమెకు చదువు రాదు. ఆ గీత మీదే వేలు పెట్టి ఒత్తింది, గట్టిగా ఒత్తింది. ఒత్తుడు కాదు చిన్నమ్మా, మూసేశారు అన్నాను. ఆమె ఫోన్ సంచిలో పెట్టుకుని, మెట్లు దిగి, కూడలి మధ్యలోకి పోయి నిలబడింది. బస్సు కోసం నిలబడ్డవాళ్లు, చాయ తాగేవాళ్లు, ఎరువుల బస్తాలు ఎత్తేవాళ్లు అందరూ చూస్తున్నారు. ఆమె వంగి, నేల మీది రాయి తీసి, కరెంటు స్తంభం మీద రెండుసార్లు కొట్టింది.

"ఇనుండ్రయ్యో ఇనుండ్రి" అంది. గొంతు లేవలేదు. మళ్లీ అంది. ఈసారి లేచింది.

అందరూ ఆగారు. ఎవరైనా వచ్చి ఆమె పక్కన నిలబడతారనుకున్నాను. నేను కౌంటర్ దిగి పోయేలోపే చుట్టూ ఫోన్లు లేచాయి. చాయ గ్లాసు ఒక చేతిలో, ఫోన్ ఒక చేతిలో.

సాయంత్రానికి ఆమె వీడియో నాకు వచ్చింది. మా ఊరి గ్రూపులో కాదు, మందుల దుకాణాలవాళ్ల గ్రూపులో, పైన బాణం గుర్తుతో. కింద రాసి ఉంది, పిల్లల దొంగ పెండ్లాం అట, పిచ్చి లేసిందట. అది అబద్ధం, ఆమె మా చిన్నమ్మ అని రాశాను. ఆయన దొంగ కాదు అని రాశాను. ఆ పైన అడిగాను, ఎవలు జెప్పిండ్రు మీకు? చాలాసేపటికి ఒకతను జవాబిచ్చాడు. గ్రూపులో వచ్చింది మేడం. ఆ జవాబు కింద ఇంకెవరో బొటనవేలు పెట్టారు.

ఫోన్‌లోంచి నేను ఏదీ తీసెయ్యలేదు. నిండితే నిండనీ. ఆ వీడియోలో చిన్నమ్మ చాటింది మొదటి ముక్క వరకే ఉంది, మిగతాది తీసినవాడు కోసేశాడు. నేను ఆమె పక్కన నిలబడి మొత్తం విన్నాను. ఆమె అన్నది ఇది.

"నా మొగడు పిల్లలను ఎత్తుకపోను పోలే. మీ పిల్లలు పైలంగున్నరా అని అడుగ పోయిండు."

మాట ఆమెది, నోరు నాది.